జడుపు స్తంభం

గెడ్డ ఒడ్డున పాతిన స్తంభానికి భయం వాసన ఏమాత్రం తగలడం లేదనీ, కాబట్టి అక్కడ వంతెన అవసరం కనిపించడం లేదనీ నగరపాలక సంస్థ నుంచి కబురు వచ్చేసరికి తాటిగెడ్డ కాలనీ ఆడవాళ్ళకి ఒళ్ళు మండిపోయింది. అందరికంటే ఎక్కువ మండింది నూకరత్నానికి. వంతెన కోసం పదిమందినీ కూడగట్టి, ఆఫీసుల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగిన మనిషి ఆవిడ. పైగా ఆ స్తంభాన్ని కనిపెట్టింది సాక్షాత్తూ ఆవిడ సొంత చెల్లెలు.

వెంటనే ఫోను చేసింది. అవతల హైమావతి హలో అనేలోపే దులపడం మొదలుపెట్టింది.

"ఒలే హైమా, నీ స్తంభానికి ముక్కు దిబ్బడేసినాదేటే? మాం దినామూ పేనాలు అరిసేతిలో ఎట్టుకుని గెడ్డ దాటతంటే, ఇక్కడెవులికీ బయం నేదని సెప్పీసినాదట. దీనికేనా నువ్వు అన్నేళ్ళు సదివినావు?"

"అప్పా, కాస్త ఆగు. ఎక్కడో లోపం ఉండుంటుంది. రేపొచ్చి చూస్తాను."

"రేపు గీపు కాదు, ఇయ్యాలే రా. అన్నం తినీసి రాకు. నెత్తళ్ళు వండతన్నాను."

తిట్టు తిట్టే, కూర కూరే. నూకరత్నం తీరే అంత.

తాటిగెడ్డ కాలనీ వాళ్ళు మొదట్నుంచీ అక్కడి వాళ్ళు కారు. ఫ్యాక్టరీ కోసం ఊరు ఖాళీ చేయించి, గెడ్డకి ఆవలి గట్టున స్థలాలిచ్చి కూర్చోబెట్టారు. బడీ, ఆసుపత్రీ, బస్సులు తిరిగే రోడ్డూ అన్నీ ఈవలి గట్టునే ఉండిపోయాయి. వంతెన కట్టిస్తామన్నారు. అన్నవాళ్ళు రిటైరైపోయారు. వంతెనకి బదులు ఫ్యాక్టరీకి నీళ్ళు మోసుకెళ్ళే లావుపాటి ఇనప గొట్టం ఒకటి గెడ్డ మీదుగా వచ్చింది. ఆ నీళ్ళలో కాలనీకి చుక్క రాదు గానీ, గొట్టం వీపు మీద నడవడానికి మాత్రం ఎవరూ అడ్డు చెప్పలేదు. ఒక తరం దాని మీదే బడికెళ్ళింది, కాపురానికొచ్చింది, కాన్పుకెళ్ళింది.

హైమావతి కూడా దాని మీదే బడికెళ్ళింది. తల్లి పోయాక ఆమెని పెంచింది అక్కే. చిన్నప్పుడు నూకరత్నం అర్జీ పట్టుకుని ఎక్కడికెళ్ళినా చెల్లెలు చెయ్యి పట్టుకుని పక్కనే నిలబడేది. "గొట్టం మీంచి పడి ఎవరైనా చచ్చిపోయారా అమ్మా?" అని అడిగేవాళ్ళు కుర్చీలో కూర్చున్నవాళ్ళు. "ఇంకా నేదు బాబూ" అనేది నూకరత్నం. "మరి ప్రమాదమనడానికి ఆధారం ఏదీ?" అనేవాళ్ళు. అక్క ముఖం చిన్నబోవడం హైమావతి ఎన్నిసార్లు చూసిందో. ఆ కుర్చీల వాళ్ళ మీద కోపం ఆమెకి ఒంటికి పట్టేసింది.

పెద్దయ్యాక ఆ కోపాన్నే పరిశోధనలో పెట్టింది. భయపడ్డ మనిషి చెమటకి ఒక వాసన ఉంటుంది. అది మన ముక్కుకి అందదు, కుక్క ముక్కుకి అందుతుంది. హైమావతి ఆ వాసనని గాలిలోంచి పట్టి కొలిచే కృత్రిమమైన ముక్కు తయారుచేసి స్తంభానికి బిగించింది. స్తంభం కొసన ఒక దీపం. మామూలప్పుడు ఆకుపచ్చగా ఉంటుంది. చుట్టుపక్కల మనిషికి గుండె జారితే ఎర్రబడుతుంది. ఆ ఎరుపంతా ఎప్పటికప్పుడు కూడి ప్రయోగశాలకి చేరుతుంది. కొంతకాలానికి ఆ మొత్తం ఒక గీత దాటితే, అక్కడ వీధిదీపమో, గేటో, వంతెనో, ఏది కావాలో అది మంజూరవుతుంది. అర్జీ అక్కర్లేదు. ఎవరి ముందూ చేతులు కట్టుకోనక్కర్లేదు. నగరపాలక సంస్థకి ఈ ఆలోచన తెగ నచ్చింది. జనంతో మాట్లాడే బాధ తప్పుతుందంటే ఏ ఆఫీసుకి నచ్చదు?

మొదటి స్తంభాన్ని హైమావతి పట్టుబట్టి తాటిగెడ్డ ఒడ్డునే పాతించింది. అదే ఇప్పుడు మొండికేసింది.

ఆ సాయంత్రం ఆమె పనిముట్ల సంచీతో గట్టు మీదకొచ్చి స్తంభాన్ని చూసి నోరు తెరిచింది. అడుగు నుంచి నడుము దాకా పసుపు. పసుపు మీద కుంకుమ బొట్లు. మెడలో బంతిపూల దండ, వేపమండలు. కింద మట్టి మూకుట్లో సాంబ్రాణి ఇంకా పొగలు కక్కుతోంది. వాసన పట్టే జల్లెడ రంధ్రాల్లోకి పసుపు ముద్ద దట్టంగా దూరి ఎండిపోయింది.

"ఇదేంటప్పా!"

"ఏటంటే? వంతెనిప్పించే తల్లి కదా. ఉత్త సేతుల్తో అడుగుతారేటే ఎవుల్నైనా?" అంది నూకరత్నం. వెనకాల నిలబడ్డ ఆడవాళ్ళందరూ అవునన్నట్టు తలలూపారు. ప్రతి మంగళవారం వంతులవారీగా పూజ చేస్తున్నారట.

హైమావతి నవ్వాపుకోలేకపోయింది. ముక్కు నిజంగానే దిబ్బడేసింది మరి. జల్లెడ విప్పి, కడిగి, ఆరబెట్టి బిగించింది. ఇంకెప్పుడూ పసుపు పుయ్యొద్దని అందరికీ దండం పెట్టి చెప్పింది. బడి నుంచి పిల్లలూ, పనుల నుంచి పెద్దలూ గొట్టమెక్కే వేళ అయింది. ఇప్పుడు చూడండి అంది.

దీపం ఆకుపచ్చగానే ఉంది.

ఒకరి తర్వాత ఒకరు వస్తున్నారు. నెత్తిమీద మూటలతో, చంకలో పిల్లలతో, ఒకడైతే భుజాన సైకిలు మోసుకుని. కింద రాళ్ళమీద బురదనీళ్ళు పారుతున్నాయి. పడితే నడుం విరగడం ఖాయం. దీపం మాత్రం కదలదు. హైమావతికి పిచ్చెత్తినట్టయింది. సంచీలోంచి చేతి పరికరం తీసి గాలిలో ఊపి చూసింది. స్తంభం తప్పు లేదు. నిజంగానే ఎవరికీ భయం లేదు.

అప్పుడు, తను పుట్టి పెరిగిన చోటే అయినా, మొదటిసారి పరాయి మనిషిలా గట్టున కూర్చుని వాళ్ళని గమనించింది. ఆ గొట్టం మీద ఎవరూ ఒంటరిగా నడవరు. అడుగుపెట్టిన మనిషికి ఎదుటి గట్టు మీదున్నవాళ్ళు మాట అందిస్తారు.

"ఒలే ముత్యాలూ, నిన్న నీ సేపల పులుసులో ఉప్పు నేదట కదేటే?"

"ఎవులు సెప్పినారు?"

"ఎవులేటి, నీ మొగుడే!"

"ఆడి నాలికకి రుసే తెల్దు. ఉప్పు సాలక కాదు, కల్లు ఎక్కువై సెప్పుంటాడు!"

అందరూ గొల్లుమనేసరికి ముత్యాలు గొట్టం దాటేసింది. నడిచినంతసేపూ ఆమె కళ్ళు తనని ఆటపట్టిస్తున్న మనిషి ముఖం మీదే ఉన్నాయి. నీళ్ళని చూడనే లేదు. దిగగానే వెనక్కి తిరిగి, తర్వాత ఎక్కిన మనిషికి మాట అందించడం మొదలుపెట్టింది. ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలీదు. అందరూ చేస్తారు. అత్తాకోడళ్ళు పోట్లాడుకుని మాటలు మానేసినా గొట్టం దగ్గర మాత్రం మాట అందించాల్సిందే.

"నువ్వూ ఎక్కు" అంది నూకరత్నం. తనే ఎదుటి గట్టుకి చకచకా నడిచెళ్ళి నిలబడింది. "ఎల్లా కూకున్నావే? నీ బట్టలెవులు ఉతుకుతున్నారు? నీతో పన్జేసే ఆ కురేషీ బాబు నీ కంటే బాగా వండతాడటగా?"

హైమావతి గొట్టమెక్కి నాలుగడుగులు వేసింది గానీ ఏం చెప్పాలో తోచలేదు. అలవాటు పోయింది. జవాబు వెతుక్కుంటూ కిందకి చూసింది. నీళ్ళు కదులుతున్నాయి, వాటితో పాటు గొట్టం కూడా కదిలినట్టయింది. ఒళ్ళంతా చెమట పట్టింది.

స్తంభం మీద దీపం భగ్గున ఎర్రబడింది. గట్టుమీద జనం కేరింతలు కొట్టారు. "ఒచ్చినాది! జడుపొచ్చినాది!"

"కాలనీ అంతటికీ పిరికిదానివి నువ్వొక్కదానివే దొరికినావే తల్లీ" అంటూ నూకరత్నం వచ్చి చెయ్యి పట్టుకుని దింపింది.

నెత్తళ్ళ కూరతో అన్నం తిన్నాక, అరుగు మీద చేరిన వాళ్ళకి హైమావతి సంగతి చెప్పింది. స్తంభం బాగానే ఉంది. మాట అందించుకోవడం వల్ల మీకు భయం వెయ్యడం లేదు. భయం వెయ్యకపోతే వంతెన రాదు.

తమ మంచి అలవాటే తమకి అడ్డమైందని వినడం వాళ్ళకి వింతగా ఉంది.

"అదెంత పని! మాటాపీస్తే సరి" అంది నూకరత్నం చివరికి. "బయమే కదా కావాల. పడదాం. ఏటంటారు?"

ప్రయోగశాలలో హైమావతితో కలిసి పనిచేసే కురేషీ అప్పటికే ఫోనులో ఒక దారి చెప్పాడు. ముక్కుని కాస్త పదును చేస్తే చిన్న జంకుకి కూడా ఎర్రబడుతుంది, ఎవరికీ తెలీదు, వంతెన వచ్చేస్తుంది అన్నాడు. హైమావతి ఒప్పుకోలేదు. తన స్తంభం అబద్ధం చెప్పకూడదు. నిజమైన భయమే కావాలి. అంత గర్వం ఆమెకి ఆ స్తంభమంటే. అందుకే అక్క అన్నదానికి సరేనంది.

మర్నాటి నుంచి తాటిగెడ్డ మీద మాటలు ఆగిపోయాయి.

మొదట్లో నవ్వులాటగా ఉంది. ఒకరి నోరు ఒకరు మూసుకుంటూ, వేళ్ళతో సైగలు చేసుకుంటూ దాటారు. తర్వాత నవ్వులు తగ్గాయి. ఎదుటి గట్టున ముఖాలు తిప్పుకుని నిలబడ్డ జనాన్ని చూసి, చూడ్డానికి వేరే ఏమీ లేక, నడిచేవాళ్ళు కిందకి చూశారు. ఇన్నేళ్ళూ చూడని నీళ్ళు కనిపించాయి. రాళ్ళు కనిపించాయి. గొట్టం ఎంత నున్నగా అరిగిపోయిందో కనిపించింది. ముత్యాలు సగం దాకా వచ్చి కూలబడి, దేకుతూ వెనక్కిపోయింది. ఇద్దరు ముగ్గురు ఆడపిల్లలు బడికి పోమని మొండికేశారు. మగవాళ్ళు బయటికి ఏమీ అనలేదు గానీ, అవతలికి దిగాక బీడీ మీద బీడీ వెలిగించుకున్నారు.

దీపం ఎర్రబడుతోంది. కానీ గీతకి ఇంకా దూరంగానే ఉంది. వానలు పడేలోపు మంజూరు కాకపోతే ఇంకో ఏడాది ఆగాలి. అందరికీ ధైర్యం చెప్పడానికని, అంటే భయపడడానికి ధైర్యం చెప్పడానికని, నూకరత్నం పని ఉన్నా లేకపోయినా గొట్టమెక్కి తిరగడం మొదలుపెట్టింది.

ఆ రోజు హైమావతీ, కురేషీ ప్రయోగశాలలో తెర ముందు కూర్చుని టీ తాగుతున్నారు. తాటిగెడ్డ రేఖ ఉన్నట్టుండి నిటారుగా లేచింది. వాళ్ళెప్పుడూ చూడనంత ఎత్తుకి లేచి ఎర్ర గీతని దాటేసింది.

"దాటేసింది మేడం!" అని కురేషీ బల్ల మీద చరిచాడు. హైమావతి కుర్చీలోంచి లేచి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. పక్క గదిలోని వాళ్ళు పరిగెత్తుకొచ్చారు. ఎవరో స్వీట్లు తెస్తానన్నారు.

అప్పుడు ఫోను మోగింది. ముత్యాలు ఏడుస్తోంది. నూకరత్నం గొట్టం మీంచి పడిపోయింది.

చెల్లెలు చప్పట్లు కొట్టింది ఆ పడడానికే.

తుంటి విరిగింది. ఆపరేషన్ చేసి కడ్డీ వేశారు. ఇకమీదట కర్ర లేకుండా నడవడం కష్టమన్నారు డాక్టర్లు. హైమావతి మంచం పక్కన కూర్చుని ముఖం చేతుల్లో దాచుకుంది. మత్తు వదిలాక నూకరత్నం అడిగిన మొదటి మాట ఒక్కటే.

"దాటినాదా గీత?"

"దాటింది అప్పా."

"మరెందుకే ఏడుపు? వంతెనొచ్చాక కర్రతోనైనా దాటొచ్చు. గొట్టం మీదైతే అదీ నేదు." నవ్వబోయి, నొప్పికి మూలిగింది.

నగరపాలక సంస్థ మాట తప్పలేదు. భద్రతా పథకం అధికారి పట్నాయక్ స్వయంగా వచ్చి కొబ్బరికాయ కొట్టించాడు. యంత్రాలొచ్చి గట్టు పక్కన స్తంభాలకి గుంతలు తవ్వడం మొదలైంది. మంచం మీద పడుకునే నూకరత్నం ఆ చప్పుడు వింటూ, వచ్చినవాళ్ళందరికీ "అదిగో, నా కాలు సప్పుడు" అని చెప్పి నవ్వించేది. పత్రికల వాళ్ళు తాటిగెడ్డ కథ రాశారు. మాటలు మానేసి వంతెన సాధించుకున్న కాలనీ అని పెద్ద పెద్ద అక్షరాలతో వేశారు.

ఆ తర్వాతే నగరంలో మిగతా స్తంభాలు ఎర్రబడడం మొదలుపెట్టాయి.

ఒకదాని వెనక ఒకటి రేఖలు లేస్తుంటే ప్రయోగశాలలో అందరూ పొంగిపోయారు. పట్నాయక్ ఫోను చేసి, "ఇన్నాళ్ళూ జనం ఎంత భయం కడుపులో దాచుకున్నారో చూడండి మేడం" అని ఆశ్చర్యపోయాడు. హైమావతికి మాత్రం ఆ రేఖల తీరు నచ్చలేదు. నిజమైన భయం ఎప్పుడు పడితే అప్పుడు వస్తుంది. ఇవి రోజూ ఒకే వేళకి లేస్తున్నాయి, బడి గంట కొట్టినట్టు. చూసి రావాలనుకుంది.

రైలు కట్ట పక్కనున్న ఒక కాలనీకి మునిమాపు వేళ వెళ్ళింది. వాళ్ళు వీధిదీపాలు కావాలని ఎప్పటి నుంచో పోరాడుతున్నారు. ఉన్న ఒకటి రెండు దీపాలు కూడా పగిలిపోయి ఉన్నాయి. గాజు పెంకులు ఇంకా కిందే ఉన్నాయి. రాళ్ళు పెట్టి కొట్టినట్టు తెలిసిపోతోంది. గల్లీ చివర స్తంభం కింద ఒకావిడ చిన్నపిల్లని ఎదురుగా నిలబెట్టి చీకట్లోకి చూపిస్తోంది.

"అదిగో వచ్చేస్తున్నాడు చూడు. గోనెసంచి తెచ్చాడు. నిన్ను ఎత్తుకుపోతాడు. అమ్మ నీకు ఇంక కనపడదు."

పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. తల్లి కొంగు పట్టుకోబోతే తల్లి కొంగు లాగేసుకుని దూరం జరిగింది. స్తంభం మీద దీపం ఎర్రబడింది. అది గట్టిగా ఎర్రబడేదాకా ఆగి, తల్లి పిల్లని గభాల్న ఎత్తుకుని ముద్దుపెట్టుకుంది. కళ్ళు తుడిచింది. తల్లి కళ్ళలోనూ నీళ్ళున్నాయి.

హైమావతి వాళ్ళ దగ్గరికి నడిచింది. "ఏం చేస్తున్నారమ్మా?" అంది.

"రోజుకో ఇంటి వంతండీ. ఇవాళ మాది" అంది ఆవిడ, నీళ్ళ ట్యాంకరు దగ్గర వరస గురించి చెప్పినంత మామూలుగా. "పెద్దాళ్ళం భయపడదామన్నా రాట్లేదండీ. పిల్లలైతే బాగా పడుతుంది."

పిల్ల నుదుటి మీద చెయ్యి వేసి చూసింది హైమావతి. కాలిపోతోంది.

"జడుపు జ్వరమండీ. మా వీధిలో పిల్లలందరికీ వస్తోంది. తాయెత్తు కట్టించాం. లైట్లొచ్చేస్తే అదే తగ్గిపోద్ది లెండి." ఆవిడ పిల్లని భుజాన వేసుకుని జోకొడుతూ అడిగింది. "ఇంతకీ మీరెవరండీ?"

ఆ స్తంభం కనిపెట్టింది తనేనని చెప్పడానికి హైమావతికి నోరు రాలేదు. ఇక్కడ పిల్లల్ని జడిపిస్తున్నారు. అక్కడ తన అక్క తుంటి విరగ్గొట్టుకుంది. రెండింటికీ మూలం ఒకటే. భయాన్ని కొలిస్తే భయం పోతుందనుకుంది తను. వీళ్ళు పండించుకుంటున్నారు. సిగ్గుతో ఆమె చితికిపోయింది.

మర్నాడు పట్నాయక్ ముందు కూర్చుని చూసిందంతా చెప్పింది. స్తంభాలు తీయించెయ్యమంది. ఆయన ఓపిగ్గా విన్నాడు. చెడ్డమనిషేం కాదు. మధ్యలో ఒకసారి "పాపం పిల్లలు" అని కూడా అన్నాడు.

"మీరు ఈ స్తంభం నమ్మదగింది కాదని రాసిస్తే తీయించేస్తాం మేడం. తయారుచేసినవారు మీరు, మీ మాటే చివరిది. కానీ ఒక్క సంగతి ఆలోచించండి. ఆధారమే చెల్లదంటే, దాని మీద మంజూరైనవన్నీ ఆగుతాయి. తాటిగెడ్డ వంతెన కూడా. వానలు దగ్గరికొచ్చేశాయి. పిల్లర్లు ఇంకా పైకి లేవలేదు."

హైమావతి అటునుంచి అటే అక్క దగ్గరికి వెళ్ళింది. నూకరత్నం అరుగు మీద కర్ర పక్కన పెట్టుకుని, గుంతల దగ్గర పనివాళ్ళని చూస్తూ కూర్చుంది. చెల్లెలు చెప్పిందంతా వింది.

"వంతెనయ్యేదాకా ఆగు" అంది.

"అన్నాళ్ళూ పిల్లలు..."

"ఎవుల పిల్లలు? ఆల తల్లులకి నేని బాద నీకెందుకే? ఈడ మన పిల్లలు గొట్టం మీద నడవడం మానీసినారు. ఇన్నాళ్ళూ నేని బయం మనమే తెచ్చి ఆల నెత్తిన ఎట్టినాం. ఇప్పుడు వంతెనా నేదంటే ఆలు ఏటైపోతారు?"

"అప్పా, ఆ పిల్లకి జ్వరం ఒళ్ళు కాలిపోతోంది. నా చేత్తో ముట్టుకుని చూశాను. నేను చేసిన పనికి."

"నువ్వు సేసిన పనికి నానూ పడినాను కదే!" నూకరత్నం గొంతు పెరిగింది. పక్కింటి వాళ్ళు తొంగిచూశారు. "నిన్నేటైనా అన్నానా? ఒక్క మాటన్నానా? నాను కాలిచ్చినాను హైమా. నువ్వొక ఉత్తరం రాయకండా ఉండనేవేటే?"

అక్క అన్నదాంట్లో తప్పు లేదు. అదే హైమావతిని ఎక్కువ బాధపెట్టింది. అక్క కాళ్ళ దగ్గర కాసేపు కూర్చుని లేచింది. నూకరత్నం ముఖం తిప్పుకుంది. అన్నం తిని వెళ్ళమనలేదు.

హైమావతి ఆ ఉత్తరం రాసి ఇచ్చేసింది.

స్తంభాలు పీకేశారు. తాటిగెడ్డ దగ్గర యంత్రాలు వచ్చిన దారినే వెళ్ళిపోయాయి. తవ్విన గుంతల్లో తొలకరి నీళ్ళు నిండి కప్పలు చేరాయి. గొట్టం దగ్గర మళ్ళీ మాట అందించుకోవడం మొదలుపెట్టారు గానీ మునుపటిలా లేదు. ఒకసారి కిందకి చూసిన కళ్ళు మళ్ళీ చూస్తూనే ఉన్నాయి. గెడ్డ పొంగిన రోజుల్లో కాలనీ కాలనీ అంతా ఇళ్ళలోనే ఉండిపోయింది. ముత్యాలు కోడలికి పురిటినొప్పులొస్తే తలుపు చెక్క మీద పడుకోబెట్టి గొట్టం మీదుగా మోసుకెళ్ళారు. తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు. కబురు తెలిసి హైమావతి ఫోను చేస్తే నూకరత్నం ఎత్తలేదు. ఆ తర్వాతా ఎత్తలేదు. పిల్లల జ్వరాలు తగ్గాయని రైలు కట్ట వైపు నుంచి వార్త వచ్చింది. ఆ మాట చెప్పుకోవడానికి హైమావతికి ఎవరూ లేరు.

వానలు వెనకబట్టాక తాటిగెడ్డ కాలనీ వాళ్ళు బస్సుల రోడ్డుకి అడ్డంగా బైఠాయిస్తున్నారని కురేషీ చెప్పాడు. హైమావతి వెళ్ళింది. ఎందుకు వెళ్తోందో తనకే తెలీదు.

ఎండ పేలిపోతోంది. కాలనీ మొత్తం రోడ్డు మీదే ఉంది. నడిమధ్య నూకరత్నం, పక్కన కర్ర. రెండు వైపులా బస్సులూ లారీలూ ఆగి హారన్లు కొడుతున్నాయి. హైమావతిని చూసి మాటలాగాయి. ఎవరూ జరిగి చోటివ్వలేదు. ముత్యాలు తల వంచుకుంది. హైమావతి అంచున నిలబడిపోయింది.

పట్నాయక్ జీపు దిగి వచ్చాడు. చెమటలు తుడుచుకుంటూ, దండం పెడుతూ, అమ్మా లేవండమ్మా అని బతిమాలాడు. నూకరత్నం కదలకపోయేసరికి ఆయన చూపు హైమావతి మీద పడింది. ప్రాణం లేచొచ్చింది.

"ఇదిగోనమ్మా, మీ చెల్లెలుగారే వచ్చారు. ఆవిణ్ణే అడగండి. స్తంభం చెల్లదని రాసిచ్చింది ఆవిడే కదా? మంజూరైన వంతెన ఆవిడ వల్లే ఆగింది. ఇప్పుడు ఏ ఆధారం చూపించి నన్ను పైవాళ్ళని అడగమంటారు?"

అన్ని కళ్ళూ హైమావతి మీదకి తిరిగాయి. ఆమె తలదించుకుంది.

నూకరత్నం కర్ర ఆనుకుని మెల్లగా లేచింది. ఎవరో సాయం రాబోతే వద్దంది.

"దానికీ నాకూ లచ్చ గొడవలుంటాయి. అదింట్లో సంగతి, మాం సూసుకుంతాం" అంది. "నువ్వడిగిన ఆదారం నాను సెప్తాను బాబూ. మాకు వంతెన కావాల. ఇంతమందిమి నీ ఎదరకొచ్చి, నోరు తెరిచి అడుగుతున్నాం. ఇంకేటి ఆదారం కావాల నీకు?"

ఏదో నిబంధనల పుస్తకంలో జవాబు ఉండే ఉంటుంది గానీ ఆ క్షణాన పట్నాయక్‌కి గుర్తు రాలేదు. పైవాళ్ళతో మాట్లాడి వస్తానని ఫోను పట్టుకుని జీపు వైపు నడిచాడు.

నూకరత్నం అతి కష్టం మీద మళ్ళీ కూర్చుంది. చెల్లెలి వైపు చూడలేదు. ఎదురుగా ఉన్న బస్సు అద్దాన్ని చూస్తూ అంది.

"ఎండలో నిలబడిపోనావేటి? కూకో. ఆ బాబు ఇప్పట్లో తేల్చడు."

ముత్యాలు కాస్త జరిగింది. ఒక మనిషికి చోటయింది. తారు కాలుతోంది. హైమావతి చీర కుచ్చిళ్ళు సర్దుకుని కూర్చుంది.

ముందున్న బస్సు డ్రైవరు కిటికీలోంచి సగం బయటికి వంగాడు. ఆ గుంపులో చదువుకున్నదానిలా కనిపించింది ఆమె ఒక్కతే.

"మేడం, మీరైనా చెప్పండి వీళ్ళకి. బండ్లన్నీ ఆగిపోయాయి. లేవమనండి!"

హైమావతి తలెత్తి అతన్ని చూసింది. అక్క వైపు చూడలేదు.

"వంతెనిస్తామని సెప్పేదాకా మాం లెగం బాబూ" అంది.

డ్రైవరు ఆమెని కాసేపు ఎగాదిగా చూసి, లోపలికి జరిగి, ఇంజను ఆపేశాడు.